రిషికేశ్ మూడు రోజులు: అత్తయ్య, పన్నెండేళ్ల బాబు, రాఫ్టింగ్ పిచ్చి తమ్ముడు. ప్లాన్ కుదురుతుందా?

శ్రావణ_మేఘం · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. దీపావళి వెళ్లాక ఒక పదిరోజులకు రిషికేశ్ వెళ్దామనుకుంటున్నాం. హైదరాబాద్ నుంచి ఐదుగురం: నేను, మావారు, బాబు (12), అత్తయ్య (67), మా తమ్ముడు. ప్రయాణం పోను చేతిలో ఉన్నది మూడు పూర్తి రోజులు. తమ్ముడు రాఫ్టింగ్ తప్ప వేరే మాట ఎత్తడం లేదు. అత్తయ్యకు గంగాస్నానం, హారతి, వీలైతే దేవప్రయాగ. బాబుకి వీడియోల్లో చూసినవన్నీ కావాలి. మావారికి నిద్ర కావాలి.

ఇప్పటికి అనుకున్నది ఇది. మొదటి రోజు హరిద్వార్. రెండో రోజు పొద్దున అందరం రాఫ్టింగ్, సాయంత్రానికి ముస్సోరీ చేరి అక్కడ రాత్రి. మూడో రోజు దేవప్రయాగ చూసుకుని రాత్రికి ఢిల్లీ. ఇది అయ్యే పనేనా? ఇంకో విషయం, హోటళ్లు వెతుకుతుంటే తపోవన్, ముని కీ రేతి, స్వర్గాశ్రమ్, శివపురి అని రకరకాల పేర్లు వస్తున్నాయి. అన్నీ ఒకే ఊళ్లో ఉన్నవేనా? ఎక్కడ దిగితే మంచిది?

పాతసంచి · సోమవారం రాత్రి 10:05

ముందు ముస్సోరీ తీసేయండమ్మా. రాఫ్టింగ్ అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. తడిబట్టలు, ఆకలి. అక్కడి నుంచి డెహ్రాడూన్ దాటి ఘాట్ రోడ్డు ఎక్కేసరికి చీకటి పడుతుంది. తెల్లారి మళ్లీ కిందికి దిగి, రిషికేశ్ మీదుగానే దేవప్రయాగ పోవాలి. వచ్చిన దారినే వెనక్కి వెళ్లడానికి అంత డబ్బు తగలేయడం దేనికి?

మూడు రోజులకు ఒకే ఊరు, ఒకే గది. పెద్దావిడ ఉన్నప్పుడు మరీను. రోజూ బ్యాగులు సర్దడం, మందుల డబ్బా ఎక్కడుందో వెతుక్కోవడం... ఆ వయసులో వాళ్లను అలిసిపోయేలా చేసేది నడక కాదు, ఇవే.

హరిద్వార్ సంగతి మీరు వచ్చే దారిని బట్టి. రైల్లో వస్తే ఎలాగూ అక్కడే దిగుతారు, ఒక పూట ఆగండి. విమానంలో అయితే అది దారిలో పడదు.

ఢిల్లీ_చలి · సోమవారం రాత్రి 10:31

పాతసంచి గారి మాటే నాదీ. నేను నోయిడాలో ఉంటాను, వీకెండ్ వచ్చిందంటే మా ఆఫీసులో సగం మంది అక్కడే ఉంటారు. అందుకే చెప్తున్నా, శని, ఆదివారాలు తప్పించండి. శుక్రవారం సాయంత్రం నుంచి హరిద్వార్–రిషికేశ్ రోడ్డు, ఆపైన తపోవన్ దాకా బంపర్‌కి బంపర్. సోమవారం దిగి గురువారం బయటపడేలా పెట్టుకుంటే అదే ఊరు వేరేగా కనిపిస్తుంది.

ఊరి సంగతి. పేరు రిషికేశ్ అంటారు గానీ జనం తిరిగే ప్రాంతం మూడు జిల్లాల్లో పరుచుకుని ఉంది. త్రివేణీ ఘాట్, బస్టాండు, బజారు ఉన్న పాత ఊరు డెహ్రాడూన్ జిల్లా. నది ఒడ్డునే పైకి పోతే ముని కీ రేతి, దాన్ని దాటితే తపోవన్. ఇవి టిహరీ గఢ్వాల్. నదికి అవతలి ఒడ్డున స్వర్గాశ్రమ్, అది పౌడీ గఢ్వాల్. శివపురి అయితే ఈ ఊళ్లోదే కాదు, బదరీనాథ్ రోడ్డులో ఇంకా 16 కిలోమీటర్లు పైకి. రాఫ్టులు ఎక్కేది అక్కడ.

తపోవన్ కుర్రకారుకు బాగుంటుంది. కేఫ్‌లు, హాస్టళ్లు, రాత్రి దాకా సందడి. కానీ రోడ్డు మీది నుంచి నదికి దిగాలంటే బాగా మెట్లు, ఏటవాలు సందులు. అత్తయ్యగారితో అయితే ముని కీ రేతిలో రామ్ ఝూలా వంతెనకు దగ్గరగా చూడండి. కారు గుమ్మం దాకా వస్తుంది, విక్రమ్‌లు దొరుకుతాయి (అక్కడ షేర్ ఆటోని అలాగే పిలుస్తారు), ఘాట్ నడిచే దూరం.

పాతసంచి · సోమవారం రాత్రి 10:48

నా ఓటు స్వర్గాశ్రమ్‌కి. హారతి పక్కనే, హారన్ల గోల తక్కువ.

ఢిల్లీ_చలి · సోమవారం రాత్రి 10:55

గోల తక్కువ నిజమే సార్. కానీ రామ్ ఝూలా మీద కార్లు పోవు. సామాను మోసుకుని వంతెన దాటాలి, లేదా పడవ ఎక్కాలి, లేదా బ్యారేజీ వైపు నుంచి అడవి రోడ్డులో చుట్టు తిరిగి రావాలి. రోజూ కారు ఎక్కి బయటికి పోయే ప్లాన్ ఉన్నవాళ్లకు అది అవస్థ. మూడు రోజులూ అక్కడే ధ్యానం చేసుకుంటూ కూర్చునేవాళ్లకైతే దానికి మించింది లేదు.

లక్ష్మణ్ ఝూలా మీద నడిచి దాటేద్దామని మాత్రం అనుకోకండి. 1924 వరదలో పాత వంతెన కొట్టుకుపోతే దాని బదులు కట్టింది అది. బలహీనపడిందని 2019లో మూసేశారు. దాటాలంటే రామ్ ఝూలా, కాస్త కిందికి 2020లో తెరిచిన జానకీ సేతు ఉన్నాయి. జానకీ సేతు వెడల్పుగా ఉంటుంది, పెద్దవాళ్లకు అదే నయం.

తెడ్డు_వీరుడు · సోమవారం రాత్రి 11:20

అసలు విషయం ఎవరూ మాట్లాడట్లేదే! తమ్ముడు గారి తరఫున నేను వచ్చా.

అక్కా, అక్కడ రాఫ్టింగ్ అంటే ఒకటే కాదు. ఎక్కడ ఎక్కుతారన్న దాన్ని బట్టి ఉంటుంది, దిగేది మాత్రం అందరూ రిషికేశ్ దగ్గరే. బ్రహ్మపురి నుంచి సుమారు 9 కిలోమీటర్లు, శివపురి నుంచి 16, మెరైన్ డ్రైవ్ అనే చోటి నుంచి 24, కౌడియాలా నుంచి 36. బ్రహ్మపురిది తేలికైనది, పడవ షికారు కన్నా కాస్త ఎక్కువ. శివపురి నుంచి అయితే రిటర్న్ టు సెండర్, రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్, క్లబ్ హౌస్, డబుల్ ట్రబుల్ అని వరసగా వస్తాయి. ఇవి రాపిడ్ల పేర్లు, అంటే నది రాళ్ల మీద పడి ఉడుకుతున్నట్టు కనపడే చోట్లు. ప్రపంచమంతా వీటిని 1 నుంచి 6 గ్రేడ్ల దాకా కొలుస్తారు. రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ మూడు, మూడున్నర లెక్కలో ఉంటాయి. మొదటిసారి వచ్చినవాడికి అరుపులు రావడానికి అది చాలు.

పైన కౌడియాలా నుంచి వస్తే డేనియల్స్ డిప్, ది వాల్ కూడా తగులుతాయి. ది వాల్ గ్రేడ్ 4. పేరుకు తగ్గట్టే నీళ్ల గోడ ఎదురుగా లేస్తుంది. తమ్ముడికి ఈత వచ్చి, ఒంట్లో బాగుండి, ఇంతకుముందు ఎక్కడైనా రాఫ్ట్ ఎక్కి ఉంటే కౌడియాలాకే పొమ్మనండి. రోజంతా నది మీదే. మొదటిసారి అయితే 16తో ఆగమనండి, లేదంటే 24.

టైము కూడా సరైనదే పెట్టుకున్నారు. వానాకాలంలో జూలై, ఆగస్టు రాఫ్టింగ్ మూసేస్తారు, నీటిమట్టం చూసుకుని సెప్టెంబరు చివర్లో తెరుస్తారు. దీపావళి తర్వాత నీళ్లు తేటగా పచ్చగా ఉంటాయి. చల్లగా కూడా ఉంటాయి. చాలా.

శ్రావణ_మేఘం · మంగళవారం ఉదయం 7:15

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్స్. ముస్సోరీ కొట్టేశాను. మావారు ఊపిరి పీల్చుకున్నారు.

తమ్ముడికి ఈత వచ్చు, రాఫ్టింగ్ మాత్రం ఇదే మొదలు. మరి బాబుని తీసుకెళ్లొచ్చా? ఫోన్ చేస్తే ఒక ఏజెంట్ "పర్లేదు మేడమ్, చిన్నది చేయిద్దాం" అన్నాడు. ఇంకొకతను కుదరదన్నాడు. ఎవరిది నిజం?

కొత్తగావచ్చా · మంగళవారం ఉదయం 8:02

ఏం కాదండీ. మా వాడిని పదేళ్లప్పుడే ఎక్కించాం. మధ్యలో కూర్చోబెట్టారు. భలే ఎంజాయ్ చేశాడు.

సూదిమందు · మంగళవారం ఉదయం 8:40

నేను నర్సుని, కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి.

అక్కడ 14 ఏళ్ల లోపు పిల్లల్ని రాఫ్ట్ ఎక్కించకూడదని నిబంధన. "పర్లేదు" అన్నవాడు మీ డబ్బు కోసం అన్నాడు. మీ బాబుని ఎక్కించడానికి నిబంధన పక్కన పెట్టినవాడు హెల్మెట్ బకిల్ దగ్గర, లైఫ్ జాకెట్ దగ్గర నిబంధన పాటిస్తాడని ఏమిటి నమ్మకం?

వయసు పరిమితి ఊరికే పెట్టలేదు. పెద్దల సైజు జాకెట్ పిల్లాడికి వదులుగా ఉంటుంది, నీళ్లలో పడితే ఒళ్లు కిందికి జారి జాకెట్ చెవుల దాకా లేస్తుంది. చిన్న ఒంటికి వేడి త్వరగా పోతుంది. ఆ గంగ మంచుకొండల నుంచి వచ్చే నీళ్లు. పైగా రాఫ్టులో కూర్చున్నవాళ్లు ప్రయాణికులు కాదు, తెడ్డు వేయాలి, కాలు రాఫ్ట్ మడతలోకి దూర్చి బిగించి నిలదొక్కుకోవాలి. పన్నెండేళ్ల వాడికి ఆ కాలు అందదు. కొత్తగావచ్చా గారి అబ్బాయికి ఏమీ కాలేదు, సంతోషం. కానీ ఎవరికో ఏమీ కాలేదు కదా అని మనం పిల్లల్ని ఎక్కించం.

అత్తయ్యగారు 67 అన్నారు. ఆవిడ రాఫ్ట్ మాట అసలే వద్దు.

తెడ్డు_వీరుడు · మంగళవారం ఉదయం 9:10

సూదిమందు గారి మాటకు నేను రెండు చేతులూ ఎత్తుతున్నా. బాబుకి ఇంకో రెండేళ్లు ఆగితే చాలు, గంగ ఎక్కడికీ పోదు.

తమ్ముడి కోసం మాత్రం ఇవి చూసుకోమనండి. ఉత్తరాఖండ్ టూరిజం లైసెన్సు ఉందా, గైడుకి కార్డు ఉందా. మీ రాఫ్ట్ వెంట ఇంకో రాఫ్టో, సేఫ్టీ కయాకో (పడినవాళ్లను అందుకోవడానికి వెంట వచ్చే చిన్న పడవ) ఉంటుందా లేక ఒంటరిగా వదులుతున్నారా. గట్టు మీద ఉండగానే ఐదు పది నిమిషాలు గైడు ఆదేశాలు నేర్పాలి: ఫార్వర్డ్, బ్యాక్, స్టాప్, గెట్ డౌన్. అవి నేర్పకుండా నీళ్లలోకి తోసేశాడంటే ఆ రాఫ్ట్ దిగిపోవడమే మంచిది. నేనైతే దిగిపోతాను.

పడిపోతే ఏం చేయాలో కూడా ముందే తెలిసి ఉండాలి. వెల్లకిలా తేలాలి, కాళ్లు ముందుకి, అంటే ప్రవాహం పోయే వైపుకి. రాయి వస్తే కాళ్లతో తన్నుకోవచ్చు. నిలబడాలని మాత్రం చూడకూడదు. మోకాలి లోతే కదా అని నిలబడితే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది, వెనక నుంచి నీళ్లు ముంచేస్తాయి. ఈత బాగా వచ్చినవాళ్లే ఈ పని చేస్తారు, ధైర్యం ఎక్కువ కదా.

దారిలో గట్టు మీది నుంచి దూకడం, తాడు పట్టుకుని నీళ్లలో తేలడం లాంటివి ఉంటాయి. తేలడం బాగుంటుంది, నీళ్లు నెమ్మదించిన చోటే చేయిస్తారు. దూకడం నేను చెయ్యను. అందరూ చూస్తున్నారని దూకేవాళ్లే ఎక్కువ.

లెక్కలమాస్టారు · మంగళవారం మధ్యాహ్నం 1:25

డబ్బుల సంగతి నేను చూస్తా. శివపురి ట్రిప్పు మామూలు రోజుల్లో మనిషికి వెయ్యి రూపాయలకు అటూఇటూ ఉంటుంది. రద్దీ రోజుల్లో పెరుగుతుంది, బేరమాడితే తగ్గుతుంది. వీడియోకి వేరే. ముందు "ఫ్రీ" అని, దిగాక మెమరీ కార్డు చేతిలో పట్టుకుని బేరం మొదలుపెడతారు. కావాలో వద్దో ఎక్కకముందే తేల్చేయండి.

హోటల్ ప్యాకేజీల జోలికి పోకండి. "టెంట్ + రాఫ్టింగ్ + బాన్‌ఫైర్ + బఫే" అని ఒకే రేటు చెప్తారు. విడివిడిగా కూడి చూస్తే మీకు అక్కర్లేనిదే అందులో సగం.

శ్రావణ_మేఘం · మంగళవారం మధ్యాహ్నం 2:10

టెంట్ అంటే గుర్తొచ్చింది. నది ఒడ్డున తెల్లటి ఇసుక మీద టెంట్లు వేసిన ఫొటోలు చూశాం, బాబుకి అది తెగ నచ్చింది. ఒక రాత్రి అలా ఉండొచ్చా?

కొండగాలి · మంగళవారం మధ్యాహ్నం 3:05

ఆ ఫొటోలు పాతవై ఉంటాయి. కౌడియాలా నుంచి రిషికేశ్ దాకా నదికి 100 మీటర్ల లోపు క్యాంపులు వేయకూడదని నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ 2015 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. రాఫ్టింగ్‌ని మాత్రం ఆపలేదు. ఇప్పుడు "రివర్‌సైడ్ క్యాంప్" అని అమ్మేవి ఎక్కువగా రోడ్డు పక్క కొండవాలు మీదో, వాగు పక్కనో ఉంటాయి. ఇంకా ఎవరైనా నీళ్ల అంచున టెంట్ వేసిస్తామంటే వద్దనండి.

నిబంధన పక్కన పెట్టినా, అక్కడి ఇసుకతిన్నె మీద రాత్రి పడుకోవడం నాకు నచ్చదు. పైన భాగీరథి మీద టిహరీ డ్యామ్ ఉంది, 260 మీటర్ల ఎత్తు. కరెంటు అవసరాన్ని బట్టి నీళ్లు వదులుతారు. చుక్క వాన లేకపోయినా నీటిమట్టం లేస్తుంది. పొద్దున మీరు ఫొటో దిగిన రాయి సాయంత్రానికి నీళ్లలో ఉండొచ్చు. సైరన్ వినపడితే ఎందుకని అడక్కుండా పైకి వచ్చేయాలి. పిల్లాడు ఇసుకలో ఆడుకుంటాడు, ఆడుకోనివ్వండి, కానీ నీళ్లకీ వాడికీ మధ్య ఒక పెద్దమనిషి ఉండాలి. అక్కడి ఒడ్లు పైకి చెరువులా ప్రశాంతంగా కనిపిస్తాయి, రెండడుగులు వేశాక లోతూ, లాగుడూ రెండూ ఒకేసారి తెలుస్తాయి.

బాబుకి రాఫ్టింగ్ లేదన్న బాధ తీర్చడానికి నా దగ్గర వేరే మందుంది.

కుంజాపురి. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదుకి కారు ఎక్కండి, నరేంద్రనగర్ మీదుగా సుమారు 25 కిలోమీటర్లు. 1,600 మీటర్ల పైచిలుకు ఎత్తున అమ్మవారి గుడి. చివర్లో మూడొందల దాకా మెట్లు ఉంటాయి. ఆకాశం తేటగా ఉంటే మంచుకొండల వరస మీద తొలి వెలుగు పడడం కనిపిస్తుంది. నవంబరులో ఆ తేటదనం బాగా ఉంటుంది. పిల్లాడికి స్వెటర్, మంకీ క్యాప్ తప్పనిసరి. కింద రిషికేశ్ 350 మీటర్ల ఎత్తే, పగలు షర్టు చాలు. అందుకే జనం ఉన్నిబట్టలు లేకుండా పైకి వచ్చి వణుకుతారు.

దిగేటప్పుడు నీర్ గఢ్ జలపాతం. బదరీనాథ్ రోడ్డులో తపోవన్ దాటి కొంచెం పైకి. రోడ్డు నుంచి ఎక్కి నడవాలి, పైన మెట్లు మెట్లుగా నీటి గుంటలు ఉంటాయి. పిల్లలు అక్కడి నుంచి రానంటారు.

సాయంత్రం స్వర్గాశ్రమ్ అవతల చౌరాసీ కుటియా. మహర్షి మహేశ్ యోగి పాత ఆశ్రమం, బోర్డుల మీద బీటిల్స్ ఆశ్రమం అని కూడా ఉంటుంది, వాళ్లు 1968లో వచ్చి ఉన్నారు కాబట్టి. ఏళ్ల తరబడి పాడుబడి ఉండి, 2015 చివర్లో జనానికి తెరిచారు. రాజాజీ టైగర్ రిజర్వ్ లోపల ఉంటుంది కనుక అటవీశాఖ టికెట్ తీసుకోవాలి. గుడ్డు ఆకారంలో రాతి కుటీరాలు, గోడల నిండా బొమ్మలు. పన్నెండేళ్ల వాడికి అది దెయ్యాల కోటే.

కొత్తగావచ్చా · మంగళవారం సాయంత్రం 5:30

బంజీ జంప్ మర్చిపోయారు! మోహన్ చట్టీలో 83 మీటర్లు.

కొండగాలి · మంగళవారం సాయంత్రం 5:44

మర్చిపోలేదు బ్రో, వదిలేశాను. రానూపోనూ, వరసలో నిలబడ్డం, బరువు చూడ్డం, అన్నీ కలిపి పూట పోతుంది, దూకేది ఒక్కడు. ఐదుగురు వెళ్లే ట్రిప్పులో నాలుగు మొహాలు పార్కింగ్‌లో వేలాడుతుంటాయి. తమ్ముడు విడిగా స్నేహితులతో వచ్చినప్పుడు దూకుతాడు.

శ్రావణ_మేఘం · మంగళవారం రాత్రి 8:20

కుంజాపురి, నీర్ గఢ్ ఖాయం. బాబు ఇప్పటికే కొండల ఫొటోలు వెతుకుతున్నాడు. అత్తయ్య మెట్లు ఎక్కలేరు, మోకాళ్ల నొప్పులు. బీపీకి మందు వాడుతున్నారు. స్నానం మాత్రం గంగలో మునిగి చేయాల్సిందేనంటున్నారు. ఆవిడ సంగతి చెప్పండి.

ఇంకొకటి. మా పక్కింటివాళ్లు ఉత్తరాఖండ్ వెళ్లాలంటే చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ ఉండాలంటున్నారు, నిజమా? టెన్షన్ పెట్టేశారు.

ఢిల్లీ_చలి · మంగళవారం రాత్రి 8:33

ఆ రిజిస్ట్రేషన్ కేదార్, బదరీ, గంగోత్రి, యమునోత్రి యాత్రకు. రిషికేశ్‌కు, దేవప్రయాగకు అక్కర్లేదు. దీపావళి మర్నాడు గంగోత్రి, యమద్వితీయ నాడు కేదార్‌నాథ్, యమునోత్రి మూసేస్తారు. అప్పటికి తెరిచి ఉండేది బదరీనాథ్ ఒక్కటే. అందుకే మీరు వెళ్లే వారంలో ఆ రోడ్డు మే, జూన్‌లతో పోలిస్తే ఖాళీ.

సూదిమందు · మంగళవారం రాత్రి 9:15

అత్తయ్యగారి స్నానం. తెల్లవారుజామున వద్దు, పుణ్యం పది గంటలకు కూడా అంతే వస్తుంది. ఎండ వచ్చాక త్రివేణీ ఘాట్‌కి వెళ్లండి, మెట్లు వెడల్పుగా ఉంటాయి, వాహనం దగ్గర దాకా వస్తుంది. గొలుసు పట్టుకునే వీలున్న మెట్టు మీదే ఉండాలి, అటూ ఇటూ మనిషి ఉండాలి.

ఒక్కసారిగా మునగనివ్వకండి. అంత చల్లటి నీళ్లలోకి హఠాత్తుగా దిగితే ఎవరికైనా ఊపిరి ఎగదన్నుతుంది, గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పెరుగుతాయి. బీపీ ఉన్నవాళ్లకు అది ప్రమాదం. ముందు పాదాలు తడపాలి, తర్వాత చేతులు, మొహం. ఊపిరి మామూలయ్యాక చెంబుతో నెమ్మదిగా పోసుకోవడం. ఆపైన ఆవిడ బాగానే ఉన్నానంటే ఒక మునక. బయటికి రాగానే పొడి తువ్వాలు, పొడి చీర, శాలువా చేతిలో సిద్ధంగా ఉండాలి, కారులో కాదు. ఆ రోజు బీపీ మాత్ర వేసుకున్నారో లేదో మీరే అడగండి, పూజ హడావిడిలో మర్చిపోతారు. ప్రయాణానికి ముందు వాళ్ల డాక్టరుకి ఒక మాట చెప్పండి. రిషికేశ్‌లోనే ఎయిమ్స్ ఉంది కాబట్టి పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు అదొక ధైర్యం.

పాతసంచి · మంగళవారం రాత్రి 9:50

హారతికి కూడా త్రివేణీ ఘాటే ఆవిడకు సులువు. స్వర్గాశ్రమ్ వైపు పరమార్థ నికేతన్ ఆశ్రమం హారతి పేరున్నది, పాటలూ వేదమూ బాగుంటాయి, కాదనను. అయితే వంతెన దాటాలి, కింద కూర్చోవాలి. ముని కీ రేతిలో దిగితే పడవలో దాటించండి, ఆవిడకు సరదాగానూ ఉంటుంది. నవంబరులో ఐదున్నరకల్లా పొద్దు వాలిపోతుంది, ఐదుకు ముందే అక్కడ ఉండాలి. ఫోన్లు ఎత్తి పట్టుకునేవాళ్ల వెనక కూర్చుంటే మీకు కనపడేది గంగ కాదు, పాతిక స్క్రీన్లు. పక్కగా మెట్ల మీద చోటు చూసుకోండి.

మన తెలుగువాళ్లకు రిషికేశ్‌లో టీటీడీ వారి ఆంధ్ర ఆశ్రమం ఉంది, లోపల వేంకటేశ్వరస్వామి గుడి. అత్తయ్యగారిని తీసుకెళ్లండి. గదుల సంగతి ముందే కనుక్కుంటే కొన్నిసార్లు దొరుకుతాయి.

తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి, ఊళ్లో మందూ మాంసం నిషేధం.

శ్రావణ_మేఘం · మంగళవారం రాత్రి 10:12

వాడికి చెప్పాను. రెండు నిమిషాలు మౌనం పాటించాడు.

దేవప్రయాగ ఉంచాలా, తీసేయాలా? అదొక్కటే తేలడం లేదు.

లెక్కలమాస్టారు · బుధవారం ఉదయం 6:50

తీసేయండి. 70 కిలోమీటర్లు వెళ్లి 70 రావాలి, రోజు గల్లంతు.

పాతసంచి · బుధవారం ఉదయం 7:20

మాస్టారూ, మీకు కిలోమీటర్లే కనిపిస్తున్నాయి. ఆవిడ ఇంత దూరం వచ్చేది దాని కోసమే. భాగీరథీ అలకనందా కలిసి గంగ అనే పేరు పుట్టేది అక్కడ. రెండు నీళ్ల రంగు వేరు వేరుగా వచ్చి కలుస్తుంటే పైన రోడ్డు మీది నుంచే కనిపిస్తుంది, మెట్లు దిగలేకపోయినా చూడొచ్చు. రఘునాథస్వామి గుడి 108 దివ్యదేశాల్లో ఒకటి. ముస్సోరీ తీసేయమన్నది నేనే, ఇది మాత్రం తీసేయనివ్వను.

తెడ్డు_వీరుడు · బుధవారం ఉదయం 7:45

అందరూ అందరితో కలిసే ఉండాలని ఎందుకు అనుకుంటున్నారు? రాఫ్టింగ్ వాళ్లు పోయేదీ, దేవప్రయాగ పోయేదీ ఒకటే రోడ్డు. ఆ రోజు తమ్ముడు పొద్దున్నే రాఫ్టింగ్ వాళ్ల బండిలో మెరైన్ డ్రైవ్‌కి పోతాడు. మీరు కారులో దేవప్రయాగ. వెళ్లేటప్పుడు కారు కిటికీలోంచి కింద రాఫ్టులు కనిపిస్తాయి, బాబు మామయ్యను వెతుక్కుంటాడు. సాయంత్రం అందరూ గదికి.

కొండగాలి · బుధవారం ఉదయం 8:05

ఇది బాగుంది. దారిలో వసిష్ఠ గుహ కూడా ఉంది, సుమారు పాతిక కిలోమీటర్ల దగ్గర. రోడ్డు నుంచి కిందికి మెట్లు దిగాలి, అత్తయ్యగారి మోకాళ్లను బట్టి చూడండి. కొండ రోడ్డు, వంపులు ఎక్కువ. బాబుకి కడుపు తిప్పే అలవాటు ఉంటే ముందు సీట్లో కూర్చోబెట్టండి. చీకటి పడకముందే వెనక్కి వచ్చేయాలి. రోడ్డు పనులు, కొండ విరిగిన చోట్లు ఉంటాయి, అర్ధగంట అనుకున్నది రెండు గంటలు కావచ్చు. అందుకే దాన్ని చివరి రోజు పెట్టుకోవద్దు. మీ మొదటి ప్లాన్‌లో దేవప్రయాగ చూసి అదే రాత్రి ఢిల్లీ అన్నారు, దానికన్నా ముస్సోరీయే నయం.

ఢిల్లీ_చలి · బుధవారం ఉదయం 8:30

అవును, చివరి రోజు ఊళ్లోనే ఉండండి. రాకపోకలకు విమానమే అయితే డెహ్రాడూన్ జాలీ గ్రాంట్. పేరు డెహ్రాడూన్‌ది గానీ రిషికేశ్‌కు సుమారు 20 కిలోమీటర్లు. రైలయితే ఢిల్లీ నుంచి హరిద్వార్‌కి శతాబ్ది, వందే భారత్ రెండూ ఉన్నాయి, టైమింగులు చూసుకుని తీసుకోండి. హరిద్వార్ నుంచి రిషికేశ్ పాతిక కిలోమీటర్ల లోపే.

శ్రావణ_మేఘం · బుధవారం రాత్రి 9:05

ఇంట్లో కూర్చుని తేల్చేశాం. సోమవారం విమానంలో దిగి ముని కీ రేతిలో గది, ఆ సాయంత్రం మెల్లగా ఘాట్ దాకా. మంగళవారం నేనూ బాబూ తమ్ముడూ తెల్లవారుజామున కుంజాపురి, దిగుతూ నీర్ గఢ్. అత్తయ్య, మావారు పదింటికి త్రివేణీ ఘాట్ స్నానం, ఆంధ్ర ఆశ్రమం. సాయంత్రం అందరం పడవలో దాటి హారతి. బుధవారం తమ్ముడు రాఫ్టింగ్, మేం దేవప్రయాగ. గురువారం చౌరాసీ కుటియా, బజారు, ఏ తొందరా లేదు. శుక్రవారం పొద్దున ఫ్లైట్, జనం వచ్చేలోగా మేం వెళ్లిపోతాం. హరిద్వార్ ఈసారికి లేదు, అత్తయ్యే వద్దన్నారు.

త్రివేణీ ఘాట్‌లో ఆవిడ పక్కన ఇద్దరుండాలన్నారు కదా, మావారొక్కరే అవుతారు. అందుకే మేం వెనక్కి వచ్చాకే స్నానం, పదకొండుకి మార్చాను.

తమ్ముడు 24 కిలోమీటర్లకే ఒప్పుకున్నాడు, కౌడియాలా వచ్చే ఏడాదికట. ఒక్క డౌటు: వాడికి కళ్లద్దాలు, తీస్తే ఏమీ కనపడదు. లెన్సులు పెట్టుకోమందామా?

తెడ్డు_వీరుడు · బుధవారం రాత్రి 9:25

లెన్సులు వద్దక్కా, మొహం మీద నీళ్లు కొడితే కొట్టుకుపోతాయి, నదినీళ్లు కళ్లలో పడి ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. పాత కళ్లద్దాలుంటే అవి, తల వెనక నుంచి బిగుతుగా తాడు కట్టి, దానిపైన హెల్మెట్. తాడు ఇంటి దగ్గరే కొనుక్కోమనండి, అక్కడ ఇచ్చేవి వదులుగా ఉంటాయి. చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్న శాండల్స్ గానీ పాత షూ గానీ. జీన్స్ అసలు వద్దు, తడిస్తే బరువు, ఆరవు. ఫోన్ కారులో మీతోనే పంపేయమనండి. వేలికి ఉంగరం ఉంటే అదీ తీసి మీ చేతికిచ్చి వెళ్లమనండి. ఆ చల్లటి నీళ్లకి వేళ్లు సన్నబడతాయి, ఎప్పుడు జారిపోయిందో తెలియదు.